డికాక్షన్ తీసిన వైన్

ఫ్రాన్స్‌లో వైన్‌కి పేరుమోసిన బోర్డో ఊళ్ళో కాపురం పెట్టి రెండేళ్ళయినా నేను వైన్ జోలికి పోలేదు. మా ఆవిడైతే వైన్ షాపు ఎదురైతే ఇప్పటికీ కొంగు సర్దుకుని అవతలి పేవ్‌మెంటు ఎక్కుతుంది. మన ఊళ్ళలో ‘వైన్స్’ అన్న బోర్డు కింద సాయంత్రం ఏడు దాటాక కనిపించే దృశ్యాలు ఆమె మనసులో అలా పాతుకుపోయాయి. ఆ బోర్డు కింద వైన్ ఒక్కటి తప్ప అన్నీ కొంటారన్నది వేరే సంగతి.

అలాంటి మమ్మల్ని మా టీమ్ లీడ్ శనివారం రాత్రి భోజనానికి పిలిచాడు. మా ఆవిడ కాకినాడ కాజాల డబ్బా బయటికి తీసింది.

“ఇక్కడ వైన్ పట్టుకెళ్తారే” అన్నాను.

“బోర్డో వాడికి వైనా? గుంటూరు వాళ్ళింటికి ఎండుమిరపకాయలు తీసుకెళ్ళినట్టుంటుందండీ.”

మాట నిజమే. కానీ పరువు కూడా నిజమే కదా. జేబులో పన్నెండు యూరోల బడ్జెట్ పెట్టుకుని సూపర్ మార్కెట్‌కి వెళ్ళాను.

అక్కడ వైన్ అరలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉన్నాయి. ప్రతి సీసా మీదా ‘షాతో’ అని ఉంది. షాతో అంటే కోట. ఒక్క జిల్లాలో ఇన్ని కోటలుంటే ఇక్కడ ప్రజలెవరు, అందరూ రాజులేనా అనిపించింది. ఆరు యూరోల సీసా మీద బురుజులు, రాజముద్ర, బంగారు రంగు పతకం, కింద ‘గ్రాన్ వాన్ ద బోర్డో’ అన్న మాట ఉన్నాయి. బోర్డో మహా వైన్ అన్నమాట! ఆరు యూరోలకి మహా వైన్ దొరుకుతుంటే పన్నెండు పెట్టేవాడు పిచ్చివాడా? సీసా చంకన పెట్టుకుని, ఎందుకైనా మంచిదని వీధి చివర చిన్న వైన్ షాపు పెద్దావిడకి చూపించాను. వేరే చోట కొన్న చీర తెచ్చి ఈ కొట్లో బాగుందా అని అడిగినట్టే. అయినా ఆవిడ కోప్పడలేదు.

“ఈ కోట నాకు తెలుసు. రేకుల షెడ్డు, ఒక ట్రాక్టరు ఉంటాయి” అంది.

షాతో అంటే ఇక్కడ తోట పేరేనట, కోట ఉండి తీరాలని లేదు. మహా వైన్ అన్న మాటకీ పెద్ద అర్థం లేదట. మన దగ్గర బంగినపల్లి అని అరవని మామిడిపళ్ళ బండి ఉందా? ఇదీ అంతే.

పక్కనున్న సాంతెమిలియోన్ సీసా చూపించి, “దీని మీద గ్రాన్ క్రూ అని ఉంది, ఇది పెద్ద ర్యాంకే కదా?” అన్నాను. కాదట. అది ఆ ఊరి నిబంధనల్లో కాస్త కఠినమైన రకం మాత్రమే. నిజంగా ర్యాంకు వచ్చినదైతే పక్కన ‘క్లాసే’ అని కూడా ఉండాలట. ఒక్క మాట తగ్గితే ఇంటర్ పాసయినవాడికీ ఐఐటీలో సీటొచ్చినవాడికీ ఉన్నంత తేడా.

ఇక అసలు ర్యాంకుల కథ విన్నాక నాకు ఊరు గుర్తొచ్చింది. 1855లో పారిస్‌లో పెద్ద ఎగ్జిబిషన్ జరిగింది. మూడో నెపోలియన్ కోరితే బోర్డో దళారులు మెదోక్ వైపు ఎర్ర వైన్లను ఐదు తరగతులుగా పేర్చి పెట్టారు. రుచి చూసి కాదు, ఏది ఎంత ధర పలుకుతోందో చూసి! ఆ తర్వాత రెండో తరగతి నుంచి మొదటి తరగతికి ప్రమోషన్ వచ్చింది ఒక్క మూతోన్ రోత్‌షీల్డ్‌కే, అదీ 1973లో. ఎంసెట్ ర్యాంకు మనవడి బారసాలలో కూడా చెప్పుకునే మా పెదనాన్న ఇక్కడ పుట్టాల్సినవాడు.

“నీ బడ్జెట్ ఎంత?” అని ఆవిడ సూటిగా అడిగింది. నేను నేల చూపులు చూస్తూ చెప్పాను. “అయితే పోయాక్, మార్గో లాంటి ఖరీదైన ఊళ్ళ వైపు చూడకు. నది దాటు” అంది.

గరోన్, దొర్దోన్ అని రెండు నదులు కలిసి జిరోంద్ అవుతాయి. ఎడమ గట్టు మీద గులకరాళ్ళ నేల, అక్కడ కాబెర్నే సోవిన్యోన్ ద్రాక్ష. కుడి గట్టు వైపు బంకమట్టి, సున్నపురాయి, అక్కడ మెర్లో అనే నల్లద్రాక్ష. రెండు నదుల నడుమ ప్రాంతానికి ‘రెండు సముద్రాల మధ్య’ అని పేరు పెట్టుకున్నారు. మన కోనసీమ వాళ్ళు ఎంత నెమ్మదస్తులో అప్పుడు తెలిసింది. నాలాంటి జేబులకి కుడి గట్టే దిక్కట: బూర్, బ్లాయ్, ఫ్రోన్సాక్, కస్తియోన్. కస్తియోన్ నేల సాంతెమిలియోన్‌కి ఆనుకునే ఉంటుంది, ధరే ఆనుకుని ఉండదు. ఇంగ్లీషు వాళ్ళకీ ఫ్రెంచి వాళ్ళకీ నూరేళ్ళ యుద్ధం ముగిసింది కూడా 1453లో అక్కడేనట. యుద్ధమే ముగిసిన చోట నా బేరం ముగియదా? పదకొండు యూరోలకి ముగిసింది.

“తాగే ముందు ఓ గంట డికాంతే చెయ్యి” అంది. సరే అన్నాను. అర్థం కాని ఫ్రెంచి మాటలన్నిటికీ నేను చెప్పే జవాబు అదే.

అక్కడితో ఆగినా బాగుండేది. మా ఆవిడ కోసం తియ్యటిది ఏమైనా ఉందా అని అడిగాను. ఉంది. సోతెర్న్ అని చాలా పేరున్నది, ధర కూడా అలాగే ఉంది. గరోన్‌కి అవతలి గట్టున లూపియాక్ అనే ఊరి వైన్ దానికి పేద చుట్టం. శరదృతువు పొగమంచులో ద్రాక్షకి ఒక రకం బూజు పడుతుందట. ఆ బూజుకి తొక్క పలచబడి నీరు ఆరిపోయి, తీపంతా పండులోనే చిక్కబడుతుందట. అదీ కొన్నాను. ఆవిడ రెండు సీసాలనీ ఒకే రకం కాగితంలో చుట్టిచ్చింది.

కథ ఎటు పోతోందో మీకు తెలిసిపోయింది. నాకు తెలియలేదు.

శనివారం టీమ్ లీడ్ ఇంట్లో బాతు మాంసం వేగుతోంది. నేను సీసా అందించి, కాగితం విప్పకముందే ఉపన్యాసం అందుకున్నాను. ఇది కస్తియోన్ అని, మెర్లో అని, సున్నపురాయి అని, మాంసానికి తోడబుట్టినదని చెప్పి, 1453 దగ్గర కాస్త గొంతు కూడా పెంచాను. ఆయన శ్రద్ధగా వింటూ కాగితం విప్పాడు. లోపల తేనె రంగులో లూపియాక్ మెరుస్తోంది.

ఒక్క క్షణం బాతు తప్ప ఎవరూ చప్పుడు చెయ్యలేదు.

“చాలా తెల్లటి మెర్లో” అన్నాడాయన, ఎంతో మర్యాదగా.

తర్వాత దాన్ని ఫ్రిజ్‌లో పెట్టించి భోజనం చివర రోక్‌ఫోర్ జున్నుతో తెచ్చాడు. ఆ జున్ను నిండా నీలం రంగు బూజు. మా ఆవిడ నా చెవిలో “వైన్‌కీ బూజే, జున్నుకీ బూజే. మా అత్తగారు చూస్తే రెండూ చెత్తబుట్టలో వేసి ప్లేట్లు కూడా కడిగేవారు” అంది. అంటూనే రెండో ముక్క తీసుకుంది. గ్లాసు కూడా ఖాళీ అయింది, నేను చూడలేదనుకుంది.

రెండు వారాల తర్వాత వాళ్ళు మా ఇంటికొచ్చారు. గోంగూర మటన్ ఘుమఘుమలాడుతోంది. కస్తియోన్ తీద్దామంటే ఇంట్లో బిరడా తీసే మరే లేదు. అప్పడాల కర్ర కొసతో బిరడాని లోపలికి నెట్టేశాను. అది ముక్కలై వైన్‌లో తేలింది.

“ఆ షాపావిడ ఏదో చెయ్యమందన్నారు కదా?”

“డికాంతేనో ఏదో అంది.”

“డికాక్షనే అయ్యుంటుంది” అని మా ఆవిడ ధీమాగా కాఫీ ఫిల్టర్ తెచ్చింది. పదకొండు యూరోల వైన్ చుక్క చుక్కగా కిందకి దిగింది. గంట పట్టింది. స్టీలు జగ్గులో పోసి బల్ల మీద పెట్టాను.

టీమ్ లీడ్ ఒక గుటక వేసి, కళ్ళు మూసుకుని, నా వైపు గౌరవంగా చూశాడు.

“గంట ముందే జగ్గులోకి వంచి డికాంతే చేశారు కదూ?”

“సరే” అన్నాను.