అపకీర్తి అలవెన్సు

చెడ్డపేరున్న ఇంటర్నేషనల్ స్కూల్ నుంచి ఆఫర్ లెటర్ వస్తే చేరాలా, మానాలా? ఇంత పెద్ద ప్రశ్నను ఇంతవరకూ ఎవరూ శాస్త్రీయంగా పట్టించుకోలేదు. తెలిసినవాళ్లను అడిగితే నిప్పు లేనిదే పొగ రాదంటారు. బడివాళ్లను అడిగితే అది పొగ కాదు, పొగమంచు అంటారు. మధ్యలో టీచరు లెటర్ చేత్తో పట్టుకుని, జీతం అంకె ఉన్న లైన్ మాత్రం పదేపదే చదువుకుంటూ కూర్చుంటాడు. లోకంలోని ఉపాధ్యాయుల మేలు కోరి ఈ బాధ్యతను మేమే నెత్తికెత్తుకున్నాం.

ముందు అర్థశాస్త్రం. పని ఎంత కష్టమైనది, ఎంత మురికిది, ఎంత పరువు తక్కువది అన్నదాన్ని బట్టి కూలి మారుతుందని ఆడం స్మిత్ 1776లోనే చెప్పాడు. అందుకు ఆయన చూపించిన ఉదాహరణ తలారి. చేసే పనితో పోల్చుకుంటే తలారికి గిట్టినంతగా మామూలు వృత్తుల్లో ఎవరికీ గిట్టదన్నాడు. మన ఆఫర్ లెటర్‌లో జీతం సాటి బడుల కంటే బాగా ఎక్కువ కనిపిస్తోందంటే, అందులో కొంత పాఠం చెప్పినందుకు, మిగతాది ఆ బడి పేరు మన బయోడేటాలో మోసినందుకు. దీన్ని అపకీర్తి అలవెన్సు అందాం. లెటర్‌లో దీనికంటూ విడిగా లైన్ ఉండదు. ఇంటి అద్దె, ఏడాదికోసారి విమాన టికెట్, ఆరోగ్య బీమా, పిల్లలకు ఫీజు మాఫీ, ఒప్పందం ముగిశాక గ్రాట్యుటీ, అన్నిట్లోనూ తలాకాస్తా కలిసిపోయి ఉంటుంది. తలారికి డబ్బు నిజంగానే చేతికొచ్చేదా అన్న సంగతి స్మిత్ పట్టించుకోలేదు. తలారి బాకీ ఎగ్గొట్టే ధైర్యం ఆ రోజుల్లో ఎవరికీ ఉండేది కాదేమో.

ఈ బడుల వంశం మాత్రం గొప్పది. నానాజాతి సమితి, అంతర్జాతీయ కార్మిక సంస్థ ఉద్యోగుల పిల్లల కోసం 1924లో జెనీవాలో ఒకటి పెట్టారు. అదే ఏడాది యోకోహామాలో ఇంకొకటి వెలసింది. 1968లో మళ్లీ జెనీవాలోనే ఏ దేశంలోనైనా ఒకే సిలబస్, ఒకే పరీక్షలు నడిపే ఇంటర్నేషనల్ బకలారియేట్ సంస్థ, అంటే ఐబీ, పుట్టింది. తండ్రికి ఏ దేశం బదిలీ అయినా పిల్లాడి చదువు తెగకూడదన్నది అసలు ఉద్దేశం. ఇప్పుడు చాలా బడుల్లో పిల్లాడు కదలడు. టీచర్లే మారుతూ ఉంటారు.

బోర్డు మీద ఇంటర్నేషనల్ అని రాయించుకోవడానికి చాలాచోట్ల పెయింటర్ తప్ప ఎవరి అనుమతీ అక్కర్లేదు. అందుకే మన బడి బ్రోషర్‌లో గుర్తింపుల పేజీ జాగ్రత్తగా చదవాలి. ఐబీ దగ్గర అభ్యర్థి పాఠశాల వేరు, అనుమతి పొందిన పాఠశాల వేరు. పాఠశాలల కౌన్సిళ్లలో సభ్యత్వం వేరు, తనిఖీకి వచ్చినవాళ్లు అన్నీ చూసి ఇచ్చే గుర్తింపు వేరు. లెర్నర్ లైసెన్సు తీసుకున్నవాడు తన ఫొటో కింద డ్రైవర్ అని రాసుకున్నట్టు, అభ్యర్థి దశలో ఉన్న బడి ఐబీ చిహ్నాన్ని అరపేజీ వెడల్పున వేసుకుని, అభ్యర్థి అన్న మాటను చీమ తల సైజులో అచ్చు వేస్తుంది. దీన్ని మోసం అనకూడదు. ఆశావాదం అనాలి.

ఇంతకీ అపకీర్తి ఎక్కడ పుడుతుంది? మానేసి వెళ్లిన టీచర్ల నోట్లో. ఈ సంగతి కదిపితే యాజమాన్యం తడుముకోకుండా ఒకే మాట చెబుతుంది: “వాళ్లు అసంతృప్తితో వెళ్లిపోయినవాళ్లండీ.” ఈ వాదన బలం నిదానంగా ఆలోచిస్తేగానీ బోధపడదు. బడి బాగోలేదన్నవాడు వెళ్లిపోయినవాడు కాబట్టి అతని మాట చెల్లదు. బాగుందన్నవాడు ఇంకా అక్కడే ఉన్నాడు కాబట్టి చెల్లుతుంది. మరి అక్కడే ఉండి బాగోలేదనేవాడు? అతని వీసా, అతనుండే ఇల్లు, అతని పిల్లల సీటు, రేపు ఇంకో బడికి వెళ్లాలంటే కావలసిన సిఫారసు ఉత్తరం, నాలుగూ ఒకే గదిలోంచి రావాలి. అందుకని అతను అలా అనడు. వెళ్లిపోయాక కూడా బాగుందనేవాడు ఉండడా అంటే, ఉంటాడు. ఆ బడికి మనుషుల్ని కుదిర్చే ఏజెన్సీలో చేరి ఉంటాడు. ఎటునుంచి చూసినా పగులు లేని ఇలాంటి కట్టడాన్ని చూసి వకీళ్లు అసూయపడాలి.

న్యాయంగా మాట్లాడుకుంటే, టీచర్లు అందరూ సత్యహరిశ్చంద్రులేం కారు. క్లాసు అదుపు చేయలేక వెళ్లినవాడూ బడినే తిడతాడు. ఒక టీచరు ఒక ప్రిన్సిపాల్‌ని తిడితే అది గొడవ. ముగ్గురు ప్రిన్సిపాళ్ల కాలంలో పనిచేసిన ముగ్గురు, ఒకరికొకరు తెలియనివాళ్లు, జీతం ఎప్పుడూ పదో తేదీ దాటాకే పడేదని చెబితే అది గొడవ కాదు, టైంటేబుల్.

ఖాళీ ఏ నెలలో వచ్చిందన్నది కూడా చూడాలి. ఆగస్టులో తెరిచే బడులు మామూలుగా అంతకు ముందు అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా టీచర్లను వెతుక్కుంటాయి. ఉన్నవాళ్లు వచ్చే ఏడాది ఉంటారో వెళ్తారో కొన్ని బడులు క్రిస్మస్ లోపలే రాసివ్వమంటాయి. మీకు పిలుపు జులై ఆఖర్లో వచ్చిందనుకోండి. లేదా నవంబరులో, “వెంటనే చేరాలి” అన్న మాటతో వచ్చిందనుకోండి. విద్యార్థుల సంఖ్య ఊహించనంతగా పెరిగిపోయిందని చెబుతారు. పెరగొచ్చు కూడా. అయితే సెలవులకు వెళ్లిన టీచరు తిరిగి రాకపోవడమన్నది ఈ వృత్తిలో పాత ఆనవాయితీ. జీతం పడిన రాత్రే పెట్టె సర్దుకుని, ఇంటి తాళం చెవి గుమ్మం కింద తోసి, విమానం ఎక్కేసేవాళ్లుంటారు. మర్నాడు మొదటి పీరియడ్‌లో పిల్లలు ఆఫీసుకు వెళ్లి సార్ రాలేదని చెబుతారు. ఆఫీసువాళ్లు ఆశ్చర్యపోతే ఆ బడి పరవాలేదు. తలెత్తకుండానే సబ్‌స్టిట్యూషన్ షీట్ తీశారంటే మాత్రం ఆ సీటు చాలామందిని చూసింది.

ఇంటర్వ్యూ సంగతికొస్తే, మంచి పేరున్న బడులు మనిషిని పీక్కుతింటాయి. పిల్లల రక్షణ కోసం అంతర్జాతీయ పాఠశాలల సంఘాలు 2014లో కలిసి ఒక టాస్క్‌ఫోర్స్ పెట్టుకున్నాక ఈ బెడద మరీ ఎక్కువైంది. ఇదివరకు పనిచేసిన దేశాల నుంచి పోలీసు సర్టిఫికెట్లు తెమ్మంటారు. పాత ప్రిన్సిపాల్‌కి వాళ్లే ఫోన్ చేసి, ఈ మనిషిని పిల్లల దగ్గర వదలడానికి మీకేమైనా సందేహమా అని మొహమాటం లేకుండా అడుగుతారు. బయోడేటాలో ఎనిమిది నెలలు ఖాళీ కనిపిస్తే ఆ ఎనిమిది నెలలూ ఎక్కడున్నారో చెప్పమంటారు. మన బడికి ఇలాంటి దుర్గుణాలేవీ లేవు. ఇరవై నిమిషాల వీడియో కాల్, అందులో పదిహేను నిమిషాలు స్విమ్మింగ్ పూల్ గురించి. చివర్లో ఒకే ప్రశ్న: ఎప్పుడు చేరగలరు? ఎంత నమ్మకం! ఆ నమ్మకం మీ ఒక్కరి మీదే కాక, పక్క క్లాసు టీచరు మీద, స్కూల్ బస్సులో కూర్చునే మనిషి మీద కూడా అంతే ఉదారంగా ఉంచారన్న సంగతి, ఫీజు మాఫీ అని మీ పిల్లాణ్ణి అక్కడే చేర్చేటప్పుడు గుర్తొస్తే రావచ్చు.

ఇక ఒప్పంద పత్రం. ఎక్కువగా రెండేళ్లకు ఉంటుంది. టీచరు మధ్యలో మానేస్తే ఏమేమి కట్టాలో ఆరు పేరాలు, బడి టీచర్ని తీసేస్తే ఏమివ్వాలో అరపేరా. బోనస్ యాజమాన్యం విచక్షణ మేరకు. విధుల జాబితా చివర “అప్పగించిన ఇతర పనులు” అని ఒక ముక్క ఉంటుంది. శనివారం అడ్మిషన్ల మేళాలో బెలూన్లు ఊదడం దాని కిందికే వస్తుంది. చేరిన రోజునే పాస్‌పోర్టు తీసుకుని లాకర్‌లో పెడతారు, మీ భద్రత కోసమే. అంతర్జాతీయ కార్మిక సంస్థకు ఇలాంటి ఆప్యాయత అర్థం కాదు. వెట్టిచాకిరీని గుర్తుపట్టడానికి ఆ సంస్థ 11 ఆనవాళ్లు చెప్పింది. గుర్తింపు పత్రాలు దగ్గర పెట్టుకోవడం అందులో ఒకటి. జీతం ఆపడం ఇంకొకటి. మాయమాటలతో రప్పించడం, హద్దులేని ఓవర్‌టైం, ఇవీ ఉన్నాయి. తమ పిల్లల కోసం జెనీవాలో ఆ బడి పెట్టుకున్నవాళ్లలో ఆ సంస్థ ఉద్యోగులూ ఉన్నారని పైన చెప్పుకున్నాం కదా. ఆ వంశం పేరు చెప్పుకునే దూరపు చుట్టాలు కొందరు ఇలా తమ జాబితాలోనే తేలతారని పాపం వాళ్లు అనుకుని ఉండరు.

ఏజెన్సీ ఫీజు అడిగితే కూడా ఆ సంస్థనే తలుచుకోవాలి. ఉద్యోగం వెతుక్కునేవాడి దగ్గర నేరుగా గానీ చాటుగా గానీ ఫీజు తీసుకోకూడదని 1997 నాటి 181వ ఒడంబడికలో రాశారు. మినహాయింపులకు కొంచెం చోటిచ్చారు. దాన్ని ఆమోదించని దేశాలు చాలానే ఉన్నాయి. ఆ కొంచెం చోటులోనే బోలెడు ఏజెన్సీలు కుర్చీలు వేసుకున్నాయి.

ఒక చిత్రం చెప్పాలి. ఒక దేశపు సర్టిఫికెట్టును ఇంకో దేశం ఒక్క ముద్రతో నమ్మేలా చేసే అపోస్టిల్ ఒప్పందం హేగ్‌లో కుదిరింది 1961 అక్టోబరు 5న. టీచర్ల హోదా ఎలా ఉండాలో యునెస్కో, కార్మిక సంస్థ కలిసి సిఫారసు తెచ్చింది సరిగ్గా ఐదేళ్లకు, 1966 అక్టోబరు 5న. ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవం ఆ తేదీన జరిగేది అందుకే. టీచరు డిగ్రీ అసలైనదేనని తేల్చడానికి దేశాలన్నీ కూర్చుని ముద్ర కనిపెట్టాయి. బడి ఇచ్చిన మాట అసలైనదేనని ముద్ర వేసే ఆఫీసు మాత్రం ఇంకా ఎక్కడా తెరవలేదు.

మార్కుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఐబీలో సబ్జెక్టుకు 1 నుంచి 7 దాకా గ్రేడ్లు. ఓనరుకు దగ్గరవాళ్ల పిల్లాడికి పరీక్షలో 6 వస్తుందని టీచరు ముందుగా అంచనా వేస్తే మర్నాటికి కంప్యూటర్‌లో అది 7 అయి ఉంటుంది. అసలు పరీక్ష పేపర్లు మాత్రం ఎక్కడో ఉన్నవాళ్లు దిద్దుతారు. బడిలో వేసిన ఇంటర్నల్ మార్కుల్లోనూ నమూనాలు తెప్పించుకుని సరిచూస్తారు. జులై మొదటి వారంలో ఫలితాలొచ్చేసరికి 7 కాస్తా 4 అవుతుంది. ఇంత తెలివైన పిల్లాణ్ణి పాడుచేసిన టీచరెవరని మీటింగ్ పెడతారు. జులై ఆఖర్లో వచ్చే పిలుపులకు ఇదీ ఒక మూలం.

ఇన్ని తెలిసీ మనుషులు ఎందుకు చేరతారు? అమాయకులై కాదు. మంచి బడి రెండేళ్ల అనుభవం ఉన్నవాణ్ణే తీసుకుంటుంది, ఆ రెండేళ్లు ఎక్కడ సంపాదించాలో చెప్పదు. ఒకే స్టాఫ్ రూంలో, ఒకే సిలబస్ చెబుతూ, పరాయి దేశం నుంచి కుదుర్చుకున్నవాడికి ఒక జీతం, అక్కడే దొరికినవాడికి ఇంకో జీతం. ఒక్కోచోట పాస్‌పోర్టు ఏ దేశానిదన్నదాన్ని బట్టి మరో జీతం. ఉచ్చారణ వినగానే సంస్కారవంతంగా ఫోన్ పెట్టేసే బడులకు మంచి పేరే ఉంటుంది, ఆ పేరు మీద ఒక్క మచ్చా పడదు. వాటి గుమ్మం దగ్గర తిరగ్గొట్టబడ్డవాడికి తలుపు తీసేది చెడ్డపేరు బడే. చేరిన రెండో టర్మ్‌కే హెచ్‌ఓడీని కూడా చేస్తుంది, ఆ డిపార్ట్‌మెంట్‌లో మిగిలింది అతనొక్కడే గనుక. అలా చేరి, పాఠాలు బాగా చెప్పి, జీతం సగం మాత్రమే వస్తుందని మొదటే లెక్కేసుకుని, పాస్‌పోర్టు తన జేబులోనే ఉంచుకుని, రెండేళ్ల అనుభవం చేతపట్టుకుని బయటపడ్డవాళ్లున్నారు. మా దృష్టిలో వాళ్లు మోసపోయినవాళ్లు కాదు. బడే వాళ్ల చేతిలో మోసపోయింది.

అప్పుచేసి వెళ్లేవాడికి, భార్యాబిడ్డల్ని వెంటబెట్టుకుని వెళ్లేవాడికి ఈ లెక్క పనికిరాదు. తిరుగు టికెట్‌కు డబ్బు తన దగ్గర లేనివాడు ఒప్పందం పూర్తిగా చదివినా పెద్ద ఉపయోగం లేదు.

మిగిలింది సంతకం. మన బడి ఆఫర్‌కు 48 గంటల గడువు పెడుతుంది. మీకు ముందు ఆ కుర్చీలో కూర్చున్న టీచరు పేరు కనుక్కుని, ఎలా ఉండేదండీ అని ఉత్తరం రాస్తే, జవాబు రావడానికి ఒకటి రెండు రోజులు ఎక్కువ పడుతుంది. ఈ కూడికలు బడివాళ్లకు బాగా వచ్చు. ఆ టీచరు ఫోన్ నంబరు ఇప్పించండి, నాలుగు రోజుల్లో చెబుతాను అని వాళ్లకే రాసి చూడండి. ఇస్తే మాట్లాడి తేల్చుకోండి. ఆ నంబరు మా దగ్గర లేదు గానీ జీతం ఇంకో పది శాతం పెంచుతామన్నారా, అపకీర్తి అలవెన్సు ఎంతో మీకు అంకెల్లో తెలిసినట్టే.