థెరపీ ఒకటి తగ్గిస్తే తప్పా?

హైదరాబాద్‌లో ఆటిజం ఉన్న పిల్లల తల్లులను ఎవరినైనా వారం ఎలా గడుస్తుందో అడిగి చూడండి. స్కూలు, స్పీచ్ థెరపీ, రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ, పైగా ఇంట్లో చేయించమని థెరపిస్టు రాసిచ్చిన కాగితం. సెషన్ ముప్పావుగంటే కావచ్చు. సాయంత్రం ట్రాఫిక్‌లో కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట వెళ్లి వచ్చేసరికే పిల్లాడి శక్తి, తల్లి ఓపిక సగం అయిపోతాయి. ఆ ప్రయాణాన్ని ఎవరూ లెక్కలో వేయరు.

వారంలో ఒక సెషన్ తగ్గించి, ఆ సాయంత్రం పిల్లాణ్ని తన మానాన వదిలేయడం నిర్లక్ష్యం కాదని నా అభిప్రాయం. ఏది తగ్గించాలో థెరపిస్టుతోనే తేల్చుకోవాలి, నిజమే. కానీ చాలామంది తల్లులకు ఆ మాట అడగాలంటేనే భయం. థెరపీ త్వరగా మొదలుపెట్టడం మంచిదే. అంతమాత్రాన రోజంతా కిక్కిరిసి ఉండాలని లేదు.

స్కూల్లో బుద్ధిగా కూర్చున్న పిల్లాడు ఇంటికి రాగానే బూట్లు విసిరేస్తాడు, కాలర్ వెనక లేబుల్ గుచ్చుకుంటోందని ఏడుస్తాడు. "ఇక్కడ బానే ఉంటాడండీ, ఇంట్లో గారాబం ఎక్కువైనట్టుంది" అంటారు టీచరు. గారాబం కాదది. బెల్లులు, ఫ్యాన్ల రొద, క్లాసు నిండా అరుపుల మధ్య పొద్దుట్నుంచీ బిగబట్టుకుని కూర్చున్నాడు, ఇంట్లో అడుగుపెట్టాక ఇక తన వల్ల కాలేదు. సరిగ్గా ఆ గంటలోనే హోంవర్కు ముందు పెడితే తల్లీబిడ్డా ఇద్దరూ ఏడుస్తారు.

ఊరి సంగతి సరేసరి. నివాస ప్రాంతాల్లో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి నిబంధనలు ఉన్నాయి. బరాత్ డీజేకు అవి పట్టవు. బంధువుల పెళ్లికి అరగంట వెళ్లి, అక్షింతలు వేసి వచ్చేయండి. ఎవరైనా ఏమన్నా అనుకుంటే అనుకోనివ్వండి.

తల్లిదండ్రుల ఓపికకూ హద్దుంటుంది. ఆటిజమే కాదు, ఏకాగ్రత, నిలకడ కుదరని ఏడీహెచ్‌డీ కూడా ఒకే కుటుంబంలో ఒకరికి మించి ఉండే అవకాశం ఎక్కువ. పిల్లలకు నిర్ధారణ అయ్యాకే తమకూ ఏడీహెచ్‌డీ ఉందని తెలుసుకునే తల్లిదండ్రులు ఉన్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో ఆటిజం ఉంది, లెర్నింగ్ డిజెబిలిటీ ఉంది, ఏడీహెచ్‌డీ మాత్రం విడిగా లేదు. ఇక అలాంటి తల్లికో తండ్రికో హైటెక్ సిటీ ఆఫీసులో మేనేజర్‌కు చూపించడానికి ఏ కాగితం ఉంటుంది? వారంలో రెండు సాయంత్రాలు ఇంటినుంచి పనిచేయనిస్తే ఆ ఉద్యోగికి చాలా భారం తగ్గుతుంది. థెరపిస్టులు కూడా ఇంట్లో చేయించమని ఇచ్చే కాగితంలో ఈ నెలకు రెండే పనులు రాసి, ఆ రెండూ నాన్నతో చేయించమనొచ్చు.