400 మెగాహెర్ట్జ్ చూపిస్తే ప్రాసెసర్ నకిలీదేనా?

కడపలో మా వాట్సాప్ గ్రూపులన్నింట్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. "పెట్టె మీద 2.4 గిగాహెర్ట్జ్ అని ఉండి, లినక్స్‌లో 400 మెగాహెర్ట్జ్ చూపిస్తే అది నకిలీ ప్రాసెసర్. పర్ఫార్మెన్స్ మోడ్ పెడితే స్పీడు రెట్టింపవుతుంది. డ్రైవర్ చూపే అంకె ఎప్పుడూ తప్పు కాదు." అది చదివి మా చిన్నాన్న కూతురు రాత్రి పదింటికి ఫోన్ చేసింది. "అన్నా, మోసపోయినామా? నాయన అప్పు చేసి ల్యాప్‌టాప్ కొనిచ్చినాడు" అని ఒకటే ఏడుపు.

ముందు నకిలీ మాట. తన ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఇంటెల్ ఐ5-1135జి7 ప్రాసెసర్. దానికి 2.4 గిగాహెర్ట్జ్ బేస్ స్పీడు, టర్బోలో, అంటే బరువైన పని పడినప్పుడు, 4.2 దాకా పోతుంది. పని లేనప్పుడు 400 మెగాహెర్ట్జ్‌కు కావాలనే దిగుతుంది. స్పీడుతో పాటు వోల్టేజీ కూడా తగ్గుతుంది. కరెంటు ఖర్చు వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి వేడి బాగా తగ్గుతుంది. కడప ఎండల్లో అది చిన్న మేలు కాదు. వీడియో కాల్‌లో గరిష్ఠ స్పీడు ఫైలు తెరిపించాను. 4200000 అని ఉంది, అది కిలోహెర్ట్జ్ లెక్క, అంటే 4.2 గిగాహెర్ట్జే. తర్వాత ప్రాసెసర్‌కు బరువు పడాలని ఒక పెద్ద ప్రోగ్రాంను కంపైల్‌కు, అంటే కోడ్‌ను మెషిన్ భాషలోకి మార్చే పనికి, పెట్టించాను. 400 దగ్గరున్న అంకె చూస్తుండగానే 3,000 దాటేసింది. పిల్ల అప్పటికి ఊపిరి పీల్చుకుంది.

రెట్టింపు మాట పచ్చి అబద్ధం. లినక్స్‌లో ప్రాసెసర్ స్పీడును నడిపించే సాఫ్ట్‌వేర్ ఇంటెల్ పీ-స్టేట్ డ్రైవర్. అది మామూలుగా నడిచేటప్పుడు, మోడ్ 'పవర్‌సేవ్' (కరెంటు ఆదా) అని ఉన్నా పని పడగానే స్పీడు పెంచుతుంది. పర్ఫార్మెన్స్ పెట్టినా పై హద్దు మారదు.

ఇక డ్రైవర్ అంకె. ఇదీ తప్పు కావచ్చు. బస్ క్లాక్‌ను, అంటే చిప్ స్పీడుకు ఆధారమైన మూల వేగాన్ని, గుణకంతో హెచ్చించి లెక్కకట్టే డ్రైవర్‌కు 24 రెట్లు 100 అంటే 2400. బస్‌ను 133 అనుకుంటే అదే చిప్ దాదాపు 3200 అయిపోతుంది. చిప్‌లో టిక్కులు లెక్కపెట్టే టైమ్‌స్టాంప్ కౌంటర్‌ను నమ్ముకుందామా అంటే, ఇప్పటి చిప్పుల్లో అది కోర్ (చిప్‌లో లెక్కలు చేసే భాగం) స్పీడుతో సంబంధం లేకుండా ఒకే వేగంతో నడుస్తుంది. సరైన దారి ఎంపెర్ఫ్, ఏపెర్ఫ్ అనే రెండు కౌంటర్లు. కోర్ పనిలో ఉన్నంతసేపు మొదటిది స్థిరమైన బేస్ వేగంతో, రెండోది అసలు వేగంతో లెక్కిస్తాయి. మొదటిది 100 తిరిగేలోపు రెండోది 150 తిరిగితే అసలు స్పీడు 2.4కు ఒకటిన్నర రెట్లు, అంటే 3.6. టర్బోస్టాట్ అనే లినక్స్ టూల్ చేసే పని ఇదే.

ఆ మెసేజ్ పంపినవాళ్లు దయచేసి అదే గ్రూపులో తప్పని చెప్పండి. మా పిల్ల మర్నాడు పొద్దున్నే షాపు మీదికి గొడవకు పోవడానికి సిద్ధపడింది.