బేస్ సోలో అప్పుడు కాస్త మాటలు ఆపండి

వచ్చే నెల మన బెంగళూరు జాజ్ క్లబ్బులో ఎవరెవరు వాయిస్తున్నారో మీరు రాశారు, చాలా సంతోషం, కానీ శుక్రవారం ట్రయో (ముగ్గురి బృందం) గురించి ఒక్క లైనుతో సరిపెట్టేశారు, నాకైతే అసలు వెళ్ళాల్సింది దానికే అనిపిస్తుంది. పియానో, డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగల వాయిద్యం), డ్రమ్స్, అంతే. ముగ్గురే ఉంటే ప్రతి స్వరం విడిగా వినిపిస్తుంది, ముందు ట్యూన్ వాయించి, తర్వాత అదే కార్డ్స్ (chords, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) వరస మీద ఒక్కొక్కరూ అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారు, కర్ణాటక సంగీత కచేరీల్లో కల్పనస్వరాలు విన్నవాళ్ళకి ఇది పరాయిగా అనిపించదు. జాజ్ ఈ ఊరికీ కొత్త కాదండీ, ఇక్కడి తాళవాద్యాల బడి కర్ణాటక కాలేజ్ ఆఫ్ పెర్కషన్ వాళ్ళు అమెరికన్ శాక్సోఫోన్ విద్వాంసుడు చార్లీ మరియానోతో 1983లోనే ఆల్బమ్ తెచ్చారు. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని వాయించారు కదా!

ఒక్కటే కోరిక. బేస్ సోలో, అంటే బేస్ వాయించేవారి వంతు, చాలా మెల్లగా వినిపిస్తుంది, దయచేసి అప్పుడు కబుర్లు పెట్టుకోకండి, పోయినసారి నా వెనక టేబుల్ గోలలో సగం వినపడనే లేదు, ఏడుపొచ్చినంత పనైంది. చిన్న హాలు, ముందు వరస కావాలంటే గంట ముందే వెళ్ళండి.