అమెరికా ప్యాకింగ్

"మన ప్యాకెట్లు అమెరికానే వెళ్తున్నాయండీ, ఈ కొండలెంత!" అన్నాడు పచ్చళ్ల షాపాయన. అమ్మ పెట్టిన ఆవకాయను కవర్లో వేసి, మూతి మిషన్ కింద పెట్టి చుయ్యిమనిపించాడు. దాని మీద ఇంకో కవరు, ఆ పైన బ్రౌన్ టేపు. అమ్మ ఆ ప్యాకెట్‌ను పుచ్చకాయను తట్టినట్టు నాలుగు పక్కలా తట్టి చూసి తృప్తి పడింది. "కిలో తీసుకెళ్లరా" అంది. నేనేమో బరువు తగ్గాలని టూత్‌బ్రష్ పిడిని కూడా సగానికి కోసుకున్నవాణ్ణి. బేరం అరకిలో దగ్గర తెగింది.

నేను సైకిలేసుకుని వెళ్లింది స్పితి లోయకు. హిమాచల్ ప్రదేశ్‌లో, పెద్ద కొండలకు వెనకవైపు. వానాకాలం మబ్బులు ముందు వరస కొండల మీదే ఖాళీ అయిపోతాయి, ఇటు వచ్చేసరికి వాటి దగ్గర ఇవ్వడానికేమీ ఉండదు. అందుకే అదంతా ఎడారి. కాకపోతే ఇసుక బదులు రాళ్లు, ఎండతో పాటు చలి. రోడ్డు పక్కన కూర్చుంటే ఎండ తగిలే చెవి మాడుతుంది, నీడలో ఉన్న చెవి గడ్డకడుతుంది.

ఎత్తు గురించి మాత్రం బాగా చదువుకునే వెళ్లాను. ఒక్కసారిగా పైకి పోకూడదని సిమ్లా నుంచి కిన్నౌర్ మీదుగా మెల్లమెల్లగా ఎక్కాను. మాత్రలు, ఓఆర్ఎస్, మూడు పొరల బట్టలు, అన్నీ లెక్క ప్రకారమే. స్పితిలోని కాజా అనే ఊళ్లో ఒక కొట్టు ముందు చిప్స్ ప్యాకెట్లు దండలా వేలాడుతున్నాయి. ఒక్కోటీ ఊదిన దిండులా ఉంది. బయట గాలి ఒత్తిడి తగ్గింది కదా, లోపలి గాలి తోసుకొస్తోంది. ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. కింద నాలుగు లైన్ల ఫిజిక్సు కూడా రాశాను. బాబాయి బొటనవేలు చూపించాడు. అంత ఫిజిక్సు రాసినవాడికి, తన సైకిల్‌కు వేలాడే ఎడమ సంచీలో కూడా ఒక ప్యాకెట్ ఉందన్న సంగతి తట్టలేదు.

లోసర్ అనే ఊరు దాటాక అసలు రోడ్డు మొదలైంది. రోడ్డంటే మనవాళ్లు ఏమనుకుంటారో గానీ, అక్కడ రోడ్డంటే 'ఇక్కణ్ణుంచి లారీ ఒకటి పోయింది' అని గుర్తు, అంతే. బండ్ల చక్రాలు ఎగిరెగిరి పడీ పడీ మట్టి అంతా అడ్డంగా గాట్లు పడి ఉంటుంది. సిమెంటు రేకుల కప్పు మీద సైకిల్ తొక్కితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పళ్లు టకటక, గిన్నె టకటక, సంచీలు టకటక. ఆ మోతలో ఏదో 'టప్' మన్నట్టు అనిపించింది కూడా. మోకాలేమో అనుకున్నాను. నలభై దాటాక అలాంటి శబ్దాలకు ఆగి చూసే అలవాటు పోతుంది.

కుంజుమ్ కనుమ నాలుగున్నర వేల మీటర్లు దాటిన ఎత్తు. ఇరవై అడుగులు తొక్కడం, ఆగి చేపలా నోరు తెరవడం, మళ్లీ ఇరవై అడుగులు. ఎలాగో పైకి చేరాను. పైన కుంజుమ్ మాత గుడి ఉంది. వచ్చిన ప్రతి బండీ గుడి చుట్టూ ఒక చుట్టు తిరిగి గానీ ముందుకు పోదు. నేనూ సైకిల్ మీదే ప్రదక్షిణం మొదలుపెట్టాను. సగం చుట్టులో ఉండగా కారులోంచి దిగిన ఒక పెద్దావిడ కెవ్వుమంది.

"ఖూన్! బేటా, ఖూన్!"

వంగి చూస్తే ఎడమ కాలు మడమ నుంచి పిక్క దాకా ఎర్రగా ఉంది. సాక్సులోకి కారుతోంది. నొప్పి మాత్రం లేదు. నొప్పి లేకపోవడమే ఎక్కువ టెన్షన్ పెట్టింది. ఇంత ఎత్తులో మెదడుకు ఆక్సిజన్ అందక కాలి సంగతి తెలియడం లేదేమో అనుకున్నాను. పెద్దావిడ భర్త దూది, డెట్టాల్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు, నాలుగు అడుగులకే ఆయాసంతో ఆయనే కూర్చుండిపోయాడు. నేను ఆయనకు నీళ్లిచ్చాను. ఆ తర్వాత వేలితో రక్తం తడిమి చూసుకున్నాను. రక్తంలో ఆవగింజ దొరికింది.

వాసన చూశాను. మెంతులు, వెల్లుల్లి, పప్పునూనె.

"ఖూన్ నహీ, అచార్ హై" అన్నాను. నా హిందీ మీద నమ్మకం లేక ఆవిడ రెండుసార్లు అడిగింది.

సంచీ తెరిచాను. థర్మల్ చొక్కా, తువ్వాలు, మ్యాపు, డైరీ, అన్నీ ఊరిపోయి ఉన్నాయి. డైరీ పేజీల మధ్య ఒక టెంక ముక్క బుక్‌మార్క్‌లా కూర్చుంది. ఆ జంట జాలిపడి ఒక టిష్యూ డబ్బా ఇచ్చి వెళ్లిపోయారు. పోతూ పోతూ కారు అద్దం దించి ఇంకోసారి వాసన పీల్చుకున్నారు.

అసలు దెబ్బ ఇది కాదు. ఎడమ సంచీకి సరిగ్గా కింద ఉండేది వెనక చక్రం డిస్క్ బ్రేకు. నూనె తీరిగ్గా ఆ డిస్క్ మీదికి, అక్కణ్ణుంచి దాన్ని నొక్కి ఆపే బ్రేక్ ప్యాడ్లలోకి దిగింది. ప్యాడ్లకు నూనె తాగే గుణం ఉంది, దిబ్బరొట్టె కన్నా శ్రద్ధగా తాగుతాయి. బ్రేక్ నొక్కితే నెమలి అరిచినట్టు ఒక కేక వచ్చింది, చక్రం మాత్రం తన పని తాను చేసుకుపోయింది. ముందు బ్రేకొక్కటి నమ్ముకుని ఆ కంకర మీద దిగితే ఎక్కడ తేలతానో కిందకి చూస్తేనే తెలుస్తోంది. మలుపు కింద మలుపు, దాని కింద ఇంకో మలుపు, అన్నిటి కిందా చంద్రా నది.

సైకిల్ తొక్కేవాళ్లకు తెలుస్తుంది ఈ బాధ. ఎక్కినంతసేపూ ప్రాణం పెట్టేది ఆ దిగుడు కోసమే. నేను ఎక్కేటప్పుడు తొక్కి, దిగేటప్పుడు నడిచాను. ఎదురుగా బారా షిగ్రీ హిమానీనదం వైపు కొండలన్నీ తెల్లగా మెరుస్తుంటే, నేను సైకిల్‌ను మొండికేసిన దూడను పట్టుకున్నట్టు పట్టుకుని కిందకు దిగుతున్నాను. నడుస్తుంటే బుద్ధి మెల్లగా పనిచేసింది. అమెరికా వెళ్లే విమానంలో గాలి ఒత్తిడి తగ్గినా, దాదాపు 2,400 మీటర్ల ఎత్తులో ఉన్నట్టు ఉంచుతారు. అంతకు మించి తగ్గనివ్వరు. అంటే షాపాయన అబద్ధం చెప్పలేదు. ఆయన ప్యాకెట్ అమెరికా దాకా నిక్షేపంగా వెళ్తుంది. హైదరాబాద్‌లో కవర్లో మిగిలిన గ్లాసెడు గాలి కుంజుమ్ మీద గ్లాసున్నర పైనే అవుతుందని ఆయనకేం తెలుసు? తెలిసినవాణ్ణి నేను. గ్రూపులో రాశాను కూడా.

మూడు మలుపులు దిగాక రోడ్డు పనివాళ్ల గుడారం కనిపించింది. జార్ఖండ్ కుర్రాళ్లు నలుగురు, వాళ్ల మేస్త్రీ. సంగతి చెప్పాను. పెట్రోల్ ఉందా అంటే మేస్త్రీ ఎంతో ఉదారంగా డీజిల్ తెచ్చాడు. అదీ నూనేనని చెప్పడానికి నా హిందీ చాలలేదు, దండం పెట్టి వద్దన్నాను. చివరికి ఎవరో సైకిల్‌వాళ్లు చెప్పిన చిట్కా గుర్తొచ్చింది. డిస్క్‌ను గిన్నెలు తోమే సబ్బుతో వేడినీళ్లలో కడిగాను. ప్యాడ్లు ఊడదీసి, వాళ్ల పట్టకారుతో పట్టుకుని స్టవ్ మంట మీద పెట్టాను.

ముందు చిన్న పొగ. ఆ తర్వాత చిటపట. ఆ తర్వాత వచ్చింది చూడండి వాసన! ఆవాలు, మెంతులు, వెల్లుల్లి. చెట్టు లేని, చేమ లేని ఆ కొండ మీద, మా వీధిలో పన్నెండు గంటలకు వచ్చే పోపు వాసన. బయట పార పట్టుకున్న కుర్రాళ్లు ఇద్దరు పార వదిలేసి లోపలికొచ్చారు.

"ఏం వండుతున్నారు సాబ్?" అన్నాడొకడు.

"బ్రేకులు" అన్నాను.

మేస్త్రీ నా సంచీ వైపు చూశాడు. చినిగిన ప్యాకెట్ అడుగున ఇంకా పావుకిలో పైనే ఉంది. వాళ్ల దగ్గర రొట్టెలున్నాయి. తర్వాత జరిగింది వివరంగా రాయక్కర్లేదు. ఒక కుర్రాడు మాత్రం ముక్కను ఆలుగడ్డ అనుకుని మొత్తం నోట్లో పెట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు, చెవులు ఎర్రన, ఒక్క మాట లేదు. చెంబెడు నీళ్లు తాగి, గట్టిగా గాలి పీల్చి, ఇంకో రొట్టె తీసుకున్నాడు. నా తువ్వాలు పిండితే వచ్చిన నూనె కూడా పప్పులో వేసుకుంటామన్నారు. ఆ తువ్వాలుతో నేను ఏమేం తుడుచుకున్నానో నాకు తెలుసు కాబట్టి ఒప్పుకోలేదు.

బ్రేకు సగం పనిచేసింది. నెమలి మాత్రం బాతల్ దాకా అరుస్తూనే ఉంది.

మనాలి చేరాక ఫోన్‌కు ప్రాణమొచ్చింది. అమ్మకు చేశాను.

"ఆవకాయ తింటున్నావా?"

"అయిపోయిందమ్మా."

అటు పక్క రెండు క్షణాలు నిశ్శబ్దం.

"నాలుగు రోజుల్లోనా! చూశావా, కిలో తీసుకెళ్లమంటే విన్నావా?"