గ్యారంటీ అడిగితే అత్యాశా?

2025 జులైలో, ట్రైనింగ్ క్యాంప్ మొదలయ్యే టైముకి, న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ టీము టైలర్ షక్ అనే రూకీ (లీగులో మొదటి ఏడాది ఆటగాడు), బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్‌తో నాలుగేళ్ల కాంట్రాక్ట్ కుదుర్చుకుంది. మొత్తం దాదాపు 1.08 కోట్ల డాలర్లు, మన లెక్కలో 90 కోట్ల రూపాయలు దాటుద్ది, అందులో ప్రతి డాలరూ గ్యారంటీ, అంటే టీము మధ్యలో వదిలేసినా ఇచ్చి తీరాల్సిందే. ఇంకేముంది, ఫ్యాన్స్ రెండు వర్గాలైపోయారు. ఒక్క మ్యాచ్ ఆడనోడికి గ్యారంటీ ఏంటి అని ఒకళ్ళు, 26 ఏళ్ల రూకీ ఏంటి అని ఇంకొకళ్ళు, ఎముకలు విరగ్గొట్టుకున్న చరిత్ర ఉన్నోణ్ణి తెచ్చి నెత్తిన పెట్టుకున్నారని మరొకళ్ళు, అటుపక్క ఏమో ఈ టీముకి లీగు ఫైనల్ సూపర్ బౌల్ గెలిపించిన డ్రూ బ్రీస్ తర్వాత మనకి దొరికిన మగాడు వీడే అని పండగ చేసుకునేవాళ్ళు. ఒక సీజన్ అయిపోయింది, గొడవ మాత్రం అవ్వలేదు. డాలస్‌లో, అట్లాంటాలో, హ్యూస్టన్‌లో ఉండే మన తెలుగోళ్ళ ఇళ్ళల్లో కూడా ఆదివారం మధ్యాహ్నం అయితే పిల్లలు ఈ ఆట ముందే కూర్చుంటున్నారు కాబట్టి, ఇది మనకి సంబంధం లేని విషయం అని మేము అనుకోవట్లేదు.

మా మాట ముందే చెప్పేస్తాం. కాంట్రాక్ట్ విషయంలో షక్ చేసిన తప్పేమీ లేదు, ఆట విషయంలో ఇప్పుడే ఊరేగింపులు చేసే సీనూ లేదు, ఈ రెండిటినీ ఒకే తక్కెడలో వెయ్యడమే అసలు పొరపాటు.

తెలియని వాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్దాం. ఇది మెస్సీ ఆడే ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. కాలేజీ నుంచి వచ్చే ప్లేయర్లని ఆ ఆట లీగు ఎన్ఎఫ్ఎల్‌లోని 32 టీములూ ఏప్రిల్‌లో డ్రాఫ్ట్‌లో వరసగా ఎంచుకుంటాయి, షక్‌ది 40వ నంబరు, అంటే రెండో రౌండ్. ఇక్కడ మన ఐపీఎల్ వేలం అలవాటు ఉన్నోళ్ళకి కన్ఫ్యూజన్ వస్తుంది. ఐపీఎల్‌లో పోటీ పడి పాడితే రేటు పెరుగుద్ది, మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని సన్‌రైజర్స్ 20 లక్షలకి తీసుకుని, ఆడి చూపించాక 2025 సీజన్‌కి 6 కోట్లకి అట్టిపెట్టుకుంది. ఎన్ఎఫ్ఎల్‌లో రూకీకి ఆ ఛాన్సే లేదు, ఏ నంబరులో ఎంపికయ్యాడో దాన్ని బట్టి జీతం ముందే రాసిపెట్టి ఉంటుంది. 40వ నంబరులో వచ్చినోడు క్వార్టర్‌బ్యాక్ అయినా, తన్నే కిక్కర్ అయినా జీతం లెక్క ఒక్కటే. కాబట్టి 1.08 కోట్లు షక్ బేరమాడి తెచ్చుకున్న అంకె కాదు, అతనికి అంత సత్తా ఉందని టీము ఇచ్చిన సర్టిఫికెట్ కూడా కాదు. బేరానికి మిగిలింది ఒకటే, ఆ డబ్బులో ఎంత గ్యారంటీ అన్నది.

అసలు ఈ లెక్క ఎందుకొచ్చిందో తెలిస్తే సగం వాదన అక్కడే ఆగిపోవాలి. 2007లో ఓక్లాండ్ రైడర్స్ నంబర్ వన్‌గా తీసుకున్న జమార్కస్ రసెల్ క్యాంపుకి రాకుండా కూర్చుని, సీజన్ మొదలైపోయాక సెప్టెంబరులో గానీ సైన్ చెయ్యలేదు, 6.8 కోట్ల డాలర్ల దాకా వచ్చే కాంట్రాక్ట్, అందులో 3.1 కోట్లకి పైగా గ్యారంటీ. స్టార్టర్‌గా (మ్యాచ్ మొదటి నుంచే దిగినోడిగా) 25 మ్యాచుల్లో గెలిచింది 7, 2010 మేలో పంపించేశారు. అదే 2010లో సెయింట్ లూయిస్ రామ్స్ సామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి ఆరేళ్లకి 7.8 కోట్లు రాసిచ్చింది, 5 కోట్లు గ్యారంటీ. ఇంకా ప్రొఫెషనల్ మ్యాచ్ ఒక్కటీ ఆడనోడికి పదేళ్ళుగా ఆడే వాళ్ళ కంటే ఎక్కువ వస్తుంటే ఓనర్లకీ మండింది, సీనియర్ ప్లేయర్లకీ మండింది. ఓనర్లు ప్లేయర్లకి గేట్లు మూసేసిన 2011 లాకౌట్ తర్వాత కుదిరిన ఒప్పందంలో రూకీ జీతాలకి కళ్ళెం వేశారు, ఆ ఏడాది నంబర్ వన్ క్యామ్ న్యూటన్‌కి దక్కింది నాలుగేళ్లకి 2.2 కోట్లు. ఒక్క ఏడాదిలో 7.8 నుంచి 2.2కి! రూకీలు దోచుకుపోతున్నారని ఇప్పటికీ అనేవాళ్ళు ఇంకా 2010లోనే ఉన్నారన్నమాట.

2025లో జరిగిందేంటంటే, మొదటి రౌండ్ వాళ్ళకి ఫుల్ గ్యారంటీ మామూలైపోయింది గానీ రెండో రౌండ్ వాళ్ళకి చివరి ఏళ్ళ జీతంలో కొంతే గ్యారంటీ ఉండేది, మిగతాది టీము దయ. మేలో హ్యూస్టన్ టెక్సన్స్ 34వ నంబరులో తీసుకున్న, బంతి పట్టే రిసీవర్ జేడెన్ హిగ్గిన్స్‌కి మొత్తం గ్యారంటీ ఇచ్చేసింది, రెండో రౌండ్‌లో అదే మొదటిసారి. వెంటనే 33వ నంబరు కార్సన్ ష్వెసింగర్‌కి క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ ఇవ్వక తప్పలేదు. ఇక మిగిలిన 30 మంది పెన్ను కింద పెట్టేశారు. జులై మధ్య దాకా ఒక్కళ్ళూ సైన్ చెయ్యలేదు. షక్ ఏదో ఒంటరిగా మొండికేశాడన్నట్టు మాట్లాడుతున్నారే, ఆ వరుసలో అతనొకడు, అంతే. పైగా 34వ వాడికి ఇచ్చినప్పుడు 40వ వాడు అడక్కుండా ఉంటే అతని ఏజెంట్‌ని మార్చుకోమని మేమే సలహా ఇచ్చేవాళ్ళం.

ఇంకో సంగతి కూడా ఈ గొడవలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2022లో క్లీవ్‌లాండ్ టీము క్వార్టర్‌బ్యాక్ డిషాన్ వాట్సన్‌కి 23 కోట్ల డాలర్లు ఫుల్ గ్యారంటీ ఇచ్చి చేతులు కాల్చుకుంది కదా, ఆ తర్వాత గ్యారంటీలు తగ్గించుకోండని లీగ్ పెద్దలే టీములకి నూరిపోశారని ఒక ఆర్బిట్రేటర్ (తగువు తీర్చే మధ్యవర్తి) తేల్చాడు. టీములన్నీ కలిసి ఆ పని చేశాయని మాత్రం రుజువు కాలేదన్నాడు. ఆ తీర్పు కొన్ని నెలలు దాగుండి 2025 జూన్‌లో బయటపడింది, సరిగ్గా ఈ 30 మంది ఆగి ఉన్న రోజుల్లో. ఇప్పుడు చెప్పండి, అత్యాశ ఎవరిది?

షక్ విషయంలో గ్యారంటీ ఎందుకంత ముఖ్యమో అతని ఒంటిని చూస్తే తెలుస్తుంది. కాలేజీ ఆట ఒరెగాన్ యూనివర్సిటీలో మొదలుపెట్టాడు, అక్కడ జస్టిన్ హెర్బర్ట్ వెనకాల బెంచి మీద కూర్చుని, హెర్బర్ట్ వెళ్ళిపోయాక 2020లో స్టార్టర్ అయ్యాడు. తర్వాత టెక్సస్ టెక్‌కి మారితే అక్కడ మూడు సీజన్లూ గాయాలే, 2021లో మెడ కింద ఎముక, 2022లో మళ్ళీ భుజం వైపే, 2023లో కాలి ఎముక. ఇంకొకరైతే ఏ కోచింగ్ జాబో చూసుకునేవాళ్ళు. ఇతను లూయివిల్‌కి వెళ్ళి 2024లో 3,195 గజాలు, 23 టచ్‌డౌన్లు (బంతిని అవతలి చివరికి చేర్చే స్కోర్లు) వేసి చూపించాడు, కాలేజీలో ఏడో ఏడాది అది. అలాంటోడి గురించి, గాయాలు ఎక్కువ కాబట్టి గ్యారంటీ ఇవ్వకూడదు అని ఫ్యాన్స్ అంటున్నారు. టీము వైపు నుంచి చూస్తే ఆ మాట కరెక్టే, దాన్ని మేము కొట్టిపారెయ్యం, పోతే పోయేది వాళ్ళ శాలరీ క్యాపే (టీము జీతాల మీద లీగు పెట్టిన పరిమితి). కానీ ఈ గాయాలేవీ దాచిపెట్టినవి కాదు, ఎక్స్‌రేలు చూసి, డాక్టర్లతో తడిమించి, అన్నీ తెలిసే కదా 40వ నంబరు ఖర్చుపెట్టారు. రిస్కు తెలిసి ఎంచుకున్నది టీము, ఆ రిస్కు తాలూకు డబ్బు మాత్రం కుర్రాడి జేబులోంచి పోవాలంటే ఎలా? గ్యారంటీ లేని ఏడాది అంటే అర్థం, సీజన్ ముందు పిలిచి చెక్కివ్వకుండా ఇంటికి పంపొచ్చు అని. మూడుసార్లు ఎముక విరిగినోడు మొట్టమొదట అడగాల్సింది అదే.

వయసు సంగతి వేరు, అందులో ఫ్యాన్స్ భయానికి కాస్త ఆధారం ఉంది. తన కాలేజీ టీమ్‌మేట్ హెర్బర్ట్ ఆరో ఎన్ఎఫ్ఎల్ సీజన్ ఆడుతుంటే షక్ మొదటిది ఆడాడు, సెప్టెంబరులోనే 26 నిండాయి. 2012లో బ్రౌన్స్ 28 ఏళ్ళ బ్రాండన్ వీడెన్‌ని మొదటి రౌండ్‌లో తీసుకుని ఏం బావుకుందో అందరికీ తెలుసు. పాతికేళ్ళు దాటినోడు కాలేజీ కుర్రాళ్ళ మీద బాగా ఆడటంలో గొప్పేముంది అనే అనుమానం న్యాయమైనదే. అయితే క్వార్టర్‌బ్యాక్‌లు 35 దాటినా ఆడుతున్న రోజులివి, నాలుగేళ్ల కాంట్రాక్ట్ అయ్యేసరికి ఇతనికి 29 నిండి ఉంటాయి, టీముకి కావలసిన నాలుగేళ్ళూ అతని మంచి వయసులోనే పడతాయి. ముసలాడు అనే మాట రెండో కాంట్రాక్ట్ అప్పుడు మాట్లాడుకుందాం.

ఇక ఆట. మేలో డెరెక్ కార్ భుజం నొప్పితో రిటైర్ అయిపోవడంతో, 2023లో నాలుగేళ్లకి 15 కోట్ల డాలర్లు రాసిచ్చిన క్వార్టర్‌బ్యాక్ పోయి, స్పెన్సర్ రాట్లర్, షక్ మధ్య పోటీ మిగిలింది. కొత్త కోచ్ కెల్లెన్ మూర్ ముందు రాట్లర్‌నే దించాడు. ఎనిమిది మ్యాచుల్లో ఒక్కటే గెలిచాక నవంబరు 2న రామ్స్ మీద షక్‌ని దించారు, చిత్తుగా ఓడారు, ఆ వారం తిట్టినోళ్ళు ఇప్పుడు మాట మార్చేశారు లెండి. తర్వాత వారం కరోలైనాలో మొదటి గెలుపు. డిసెంబరులో వరసగా నాలుగు గెలిచారు, టాంపా మీద తనే పరిగెత్తి రెండు టచ్‌డౌన్లు చేశాడు. మొత్తం స్టార్టర్‌గా 9 మ్యాచులు, 5 గెలుపులు. టీము మాత్రం 6 గెలుపులు, 11 ఓటములతో ముగిసింది.

ఈ 5-4 చూపించి సూపర్ బౌల్ టికెట్లు బుక్ చేసుకునేవాళ్ళకి మేము చెప్పేది ఒకటే, ఆ ఐదులో జెట్స్, టైటన్స్ ఉన్నాయి, రెండూ లీగులో అడుగున పడ్డ టీములు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు అప్పుడే బ్రీస్ వారసుడు అని పేరు పెట్టేస్తే ఆ బరువు మోసేది కుర్రాడే. మరోపక్క, మిగతా మూడు గెలుపుల్లో రెండు కరోలైనా మీద, ఒకటి టాంపా మీద, అంటే సొంత డివిజన్ (లీగులో నాలుగు టీముల గుంపు) వాళ్ళ మీద, అందులో కరోలైనా డివిజన్ గెలిచిన టీము. వట్టి గాలివాటం అనలేం. ప్రత్యర్థి కోచ్‌లు ఒక ఎండాకాలం అంతా ఇతని వీడియోలు ముందేసుకుని కూర్చున్నాక రెండో ఏడాది ఎలా ఆడతాడో చూస్తే గానీ మా అభిప్రాయం గట్టిపడదు.

ఆ ఊరి ఫ్యాన్స్‌కి ఆత్రం ఎక్కువ అంటే మేము తప్పు పట్టలేం కూడా. 1971లో నంబర్ టూగా తెచ్చుకున్న ఆర్చీ మానింగ్ లాంటి ఆటగాడిని పెట్టుకుని, ముందు నిలబడి కాసే ఆటగాళ్ళ లైన్ లేక, ఏళ్ళ తరబడి అతన్ని దెబ్బలు తినిపించిన టీము అది. 1980లో 1-15 అయినప్పుడు మొహానికి కాగితం సంచులు తగిలించుకుని స్టేడియంకి వచ్చిన జనం వాళ్ళు. 2006లో భుజానికి ఆపరేషన్ అయిందని మయామి వెనకాడిన డ్రూ బ్రీస్‌ని తెచ్చుకుంటే 2010 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ తెచ్చిపెట్టాడు. 2021లో బ్రీస్ తప్పుకున్నాక విన్‌స్టన్, డాల్టన్, కార్ అంటూ అద్దె ఇళ్ళు మారినట్టే సాగింది. దెబ్బతిన్న భుజం మీద పందెం కాసి గెలిచిన ఊరికి ఇంకో దెబ్బతిన్న భుజం దొరికితే ఆశ పుట్టకుండా ఎలా ఉంటుంది.

కానీ ఆశ పెట్టుకోవాల్సిన చోటు షక్ కుడి చెయ్యి ఒక్కటే కాదు, అతని జీతం. 2025లో ఒక్కో టీము శాలరీ క్యాప్ 27.92 కోట్ల డాలర్లు, షక్ కాంట్రాక్ట్ ఏడాదికి సగటున అందులో ఒక శాతం కూడా కాదు. శాన్ ఫ్రాన్సిస్కో 2022లో ఆఖరి 262వ నంబరులో తీసుకున్న బ్రాక్ పర్డీని ఏడాదికి 10 లక్షల డాలర్లు కూడా ఇవ్వకుండా ఆడించి, ఆ మిగిలిన డబ్బుతో చుట్టూ స్టార్లని పెట్టి 2024 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ దాకా వెళ్ళింది. తర్వాత 2025 మేలో అతనికే ఐదేళ్లకి 26.5 కోట్లు ఇవ్వాల్సొచ్చింది, చవక రోజులు అయిపోయాయి. రూల్ ప్రకారం షక్‌కి 2027 సీజన్ ముగిసేదాకా కొత్త కాంట్రాక్ట్ ఇవ్వడం కుదరదు, రెండో రౌండ్ కాబట్టి ఐదో ఏడాది ఆప్షన్ (కాంట్రాక్ట్‌ని టీమే ఇంకో ఏడాది పొడిగించుకునే హక్కు) కూడా టీముకి లేదు. అంటే సెయింట్స్‌కి మిగిలింది 2026, 2027, కాస్త సాగితే 2028.

ఏళ్ళ తరబడి ఈ ఏడాది బిల్లుని వచ్చే ఏడాదికి తోసుకుంటూ వచ్చిన జనరల్ మేనేజర్ మికీ లూమిస్‌కి ఇలాంటి వెసులుబాటు మళ్ళీ దొరకదు. మొదటి రౌండ్‌లో ఆ కాపలా లైన్‌లో ఆడే ట్యాకిల్ కెల్విన్ బ్యాంక్స్‌ని తీసుకోవడం మంచి పనే, అది సరిపోదు. ఇంకో ఇద్దరు లైన్‌మెన్, బంతి పట్టే రిసీవర్ ఒకడు కావాలి, ఈ రెండేళ్ళలో అది జరగకుండా షక్ మళ్ళీ స్ట్రెచర్ ఎక్కితే, ఫ్యాన్స్ 1.08 కోట్ల గ్యారంటీ గురించి మాట్లాడటం మానేసి నేరుగా లూమిస్ ఆఫీసు వైపు చూడాలి.