వెనుక నుంచి తీసిన బొమ్మ

మా వీధిలో ఒక ఖాలా (పిన్ని వరస) ఉన్నారు. వరంగల్ మండీబజార్‌కు దగ్గరలో, రెండు గదుల ఇంట్లో, కిటికీ పక్కన కుట్టు మిషను వేసుకుని ఎన్నో ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నారు. శ్రావణ మాసంలోనూ, బతుకమ్మకు ముందు పదిహేను రోజులూ ఆమె గుమ్మం ముందు చెప్పులు పెట్టడానికి చోటుండదు. ఎవరికి భుజం దిగాలో, ఎవరికి చంకలో కుట్టు వదలాలో ఆమెకు కొలత జాకెట్ చూడకుండానే తెలుసు. కుట్టడం అయ్యాక మిగిలిన ముక్కలన్నీ కలిపి సంచులు కుట్టుకుంటారు. ఎరుపు అంచు ముక్కలతో కుట్టిన ఒక పెద్ద సంచిలో జాకెట్లు సర్ది, బుర్ఖా వేసుకుని, ఇల్లిల్లూ తిరిగి ఇచ్చి వస్తారు.

2019 జులై చివర, ఒకేసారి మూడుసార్లు తలాక్ చెప్పి భార్యను వదిలేయడాన్ని నేరం చేసే ట్రిపుల్ తలాక్ బిల్లు పార్లమెంటులో నెగ్గిన తర్వాత రెండు మూడు రోజులకు ఒక వార్తా చానల్ వాళ్లు మా వీధికి వచ్చారు. మైకు పట్టుకున్న అబ్బాయి మర్యాదగానే అడిగాడు. "అమ్మా, తలాక్ చట్టం వచ్చింది కదా, మీకు సంతోషమేనా?" ఖాలా మిషను ఆపి, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి చెప్పిన మాటలు నేను పక్కనే నిలబడి విన్నాను. "బిడ్డా, మా ఆయన నాకు తలాక్ చెప్పనే లేదు. పనికని బొంబాయి పోయిండు, మళ్ల రాలేదు. ఒంటరి మహిళల పింఛనుకు పోతే విడిచిపెట్టినట్టు కాగితం తెమ్మంటున్నరు. చెప్పకుండ పోయినోడు కాగితం ఎట్ల ఇస్తడు? ఆ ముచ్చట అడుగు నువ్వు."

ఆ రాత్రి చానల్‌లో గంటసేపు చర్చ నడిచింది. ఒక మౌలానా, ఒక పార్టీ ప్రతినిధి, ఒక వకీలు, ముగ్గురూ మగవాళ్లే, ఒకరి మాట ఒకరికి వినపడకుండా అరుచుకున్నారు. మధ్యలో నాలుగు సెకన్ల పాటు ఖాలా కనిపించారు, అదీ వెనుక నుంచి. నల్ల బుర్ఖా, చేతిలో ఎర్రంచు సంచి, సందు మలుపు వైపు నడక. ఆమె మాట ఒక్కటి కూడా రాలేదు.

ముస్లిం స్త్రీ మీడియాలో కనిపించడం లేదని నేను అనను. రోజూ కనిపిస్తుంది. ముస్లింలకు సంబంధించిన వార్త ఏది వచ్చినా, అది ఎన్నికలైనా రిజర్వేషన్లైనా, తెర మీదికి ముందుగా వచ్చేది నల్ల బుర్ఖాలో వెనుక నుంచి తీసిన ఆడవాళ్ల బొమ్మే. బట్టను చూపిస్తున్నారు గానీ మనిషిని అడగడం లేదు, అడిగినా ఆమె చెప్పింది వాళ్ల ప్రశ్నకు సరిపోకపోతే పక్కన పడేస్తున్నారు. నా బాధంతా ఇదే.

ఇది ఇవాళ మొదలైంది కాదు. షాబానో పేరు తెలియని వాళ్లు మన దేశంలో తక్కువ. విడాకులిచ్చిన భర్త ఆమెకు భరణం ఇవ్వాలని 1985లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన తర్వాత దేశమంతా షరియత్ గురించి, ఉమ్మడి పౌరస్మృతి గురించి, ఓట్ల గురించి వాదించుకుంది, మరుసటి ఏడాదే పార్లమెంటు కొత్త చట్టం చేసింది. అయితే నలభై ఏళ్లకు పైగా కాపురం చేసి, ఐదుగురు పిల్లల్ని కని, పెద్ద వయసులో ఇల్లు వదిలి రావలసి వచ్చిన ఆ తల్లికి హైకోర్టు ఖరారు చేసిన భరణం నెలకు 179 రూపాయల 20 పైసలని ఎందరికి తెలుసు? ఆ డబ్బుతో ఆమె నెల ఎలా గడుపుతుందన్నది ఆ గొడవలో ఎవరికీ పట్టలేదు.

2024 జులైలో, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద భరణం అడగవచ్చని సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు మన తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే వచ్చింది. ఫ్యామిలీ కోర్టు నెలకు 20,000 ఇవ్వాలంటే హైకోర్టు దాన్ని 10,000 చేసింది, అదీ ఇవ్వనని భర్త ఢిల్లీ దాకా వెళ్లాడు. మన జిల్లాల్లో ఎంతోమంది ఆడవాళ్లకు పనికొచ్చే ఈ సంగతిని మా వీధిలో ఒక్కరు కూడా టీవీలో విన్నామని చెప్పలేదు. నేనే ఇంటింటికీ చెప్పాను.

నేను ప్రభుత్వ బడిలో తెలుగు పాఠాలు చెబుతాను. బుర్ఖా వేసుకోను, మా చెల్లెలు వేసుకుంటుంది. నన్ను "మీరు ముస్లింలా కనిపించరే" అంటారు, దాన్ని "పాపం, ఇంట్లో బలవంతమా?" అంటారు. పద్యం రాగయుక్తంగా చదివితే "మీకు తెలుగు ఇంత బాగా ఎలా వచ్చింది మేడం?" అని మెచ్చుకుంటారు. ఈ గడ్డ మీద పుట్టి, బతుకమ్మ పాటలు వింటూ పెరిగి, పీరీల పండుగకు (మొహర్రంకు) ఊరంతా కలిసి నిప్పుల గుండం చుట్టూ అలాయి ఆడిన చోట బతికినదానికి తెలుగు రాకుండా ఎలా ఉంటుంది? ఆ మెచ్చుకోలు నన్ను పరాయిదాన్ని చేస్తుందని అన్నవాళ్లకు తోచదు.

2022 ఫిబ్రవరిలో కర్ణాటకలో హిజాబ్ గొడవ నడుస్తున్నప్పుడు బడి గేటు దగ్గర టీచర్లు నిలబడి తమ బుర్ఖాలు తీస్తుంటే కెమెరాలు చుట్టుముట్టిన దృశ్యాలు చూసి నేను అన్నం తినలేకపోయాను. పాఠం చెప్పడానికి వచ్చిన మనిషిని పిల్లల ముందు, తల్లిదండ్రుల ముందు అలా నిలబెట్టారు. హిజాబ్ ఉండాలా వద్దా అన్న వాదన ఎటు తేలినా, ఆ కెమెరా అక్కడ చేసిన పనిని నేను క్షమించలేను. దానికి నెల ముందే, ఆ ఏడాది జనవరి 1న, వందమందికి పైగా ముస్లిం స్త్రీల ఫొటోలను 'బుల్లీ బాయి' అనే యాప్‌లో వేలానికి పెట్టారు. అందులో ఉన్నది ఎక్కువగా గొంతెత్తి మాట్లాడే పాత్రికేయులు, కార్యకర్తలు. అంటే మాట్లాడని స్త్రీని వెనుక నుంచి చూపిస్తారు, మాట్లాడిన స్త్రీని అంగట్లో నిలబెడతారు.

ఆ మే నెలలో మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్ అయింది. మా బడిలో ఆడపిల్లలు ఆ రోజంతా పిడికిళ్లు బిగించి తిరిగారు. ప్రపంచాన్ని గెలిచి వచ్చిన ఆ అమ్మాయిని కూడా హిజాబ్ గురించి అడిగారు. అది ఎవరి ఇష్టం వాళ్లదని ఆమె నెమ్మదిగా జవాబిచ్చింది. అదే అమ్మాయి ఒకప్పుడు నిక్కరు వేసుకుని బరిలోకి దిగిందని మన వాళ్లే సూటిపోటి మాటలన్నారు. ఇక్కడ మా సమాజపు పెద్దమనుషులకు కూడా ఒక మాట చెప్పాలి. టీవీలో మా తరఫున మాట్లాడటానికి మీరు వెళుతున్నారు, మమ్మల్ని అడిగి వెళ్లడం లేదు. మా నికా, పెళ్లిలో భర్త మాకు ఇవ్వాల్సిన మెహర్, మా చదువు మీద మీరు ఇచ్చే జవాబులకు, అవతలి వాడు వేసే ప్రశ్నలకు పెద్ద తేడా లేదు. రెండింటిలోనూ మేము లేము.

సినిమాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. హీరో పోలీసులకు దొరకకుండా తప్పించుకోవాలంటే బుర్ఖా, హాస్యానికి బుర్ఖా. మంచి ఉద్దేశంతో చేసేవి నన్ను ఇంకా ఆలోచనలో పడేస్తాయి. ప్రతి కృష్ణాష్టమికి బుర్ఖాలో ఉన్న తల్లి, పక్కన కృష్ణుడి వేషంలో ఉన్న కొడుకు ఫొటో మన ఫోన్లలోకి వస్తుంది. ఆ తల్లి ప్రేమ నిజం, ఆ ఫొటో పంచుకునే వాళ్ల మనసూ మంచిదే. కానీ కొడుకు కోసం కిరీటానికి నెమలీక వెతికి, బడి ఆటో తప్పిపోకుండా పరుగెత్తే తల్లిని మనం అందులో చూస్తున్నామా, లేక అక్కడ కూడా ఆ బట్టనే చూస్తున్నామా?

2025 ఏప్రిల్‌లో వక్ఫ్ (ముస్లిం ధర్మాదాయ ఆస్తుల) సవరణ చట్టం వార్తలు వస్తున్న రోజుల్లో ఖాలా మా ఇంటికి కాజా పట్టీల దారం కోసం వచ్చారు. టీవీ నడుస్తున్నది. చర్చ మధ్యలో నల్ల బుర్ఖాలో ఒక ఆడమనిషి సందు మలుపు వైపు నడుస్తున్న దృశ్యం వచ్చింది. ఖాలా దారం కండె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. "అది నా సంచి," అన్నారు. ఆ ఎర్రంచు సంచి చినిగిపోయి చాలా కాలమైంది, దాని తర్వాత ఆమె మూడు సంచులు కుట్టుకున్నారు. పింఛను ఇప్పటికీ రాలేదు.